ఫిడేలు కాయ

హెక్టర్ తన బల్ల వైపే వస్తున్నాడని చూసి ఫ్లోరా టీ కప్పు కింద పెట్టింది. చర్చి హాల్లో ఇన్ని కుర్చీలుండగా ఈ పెద్దమనిషికి తన పక్కదే కావాలా?

గనిలో పోయిన తమ్ముడి కోసం ఎప్పుడో ఆమె ఫిడేలు మీద ఒక బాణీ కట్టింది. హెక్టర్ దాన్ని తన పేరు మీద రికార్డు చేసుకున్నాడు. ఇవాళ ఈ కేప్ బ్రెటన్ దీవిలో ఏ పెళ్ళిలో వాయించినా అది ‘హెక్టర్ బాణీ’యే. విన్నప్పుడల్లా ఆమె కడుపు రగిలిపోయేది. హెక్టర్ శవపేటిక ముందు నిలబడి ఆ బాణీ తనే వాయిస్తానని ఒట్టు కూడా పెట్టుకుంది.

“ఏం ఫ్లోరా, ఇంకా కోపం పోలేదా?” నవ్వుతూ కూర్చున్నాడు. సిగ్గులేని మనిషి.

“నీ పని చూసుకో హెక్టర్.”

“నీతోనే పని. ఇటు చూడు.” కాలరు కిందికి లాగి ఎడమ దవడ కింద చూపించాడు. “మా ఆవిడ డాక్టరు దగ్గరికి పద పదమని ప్రాణం తోడేస్తోంది. ఫిడేలు ఆన్చి ఆన్చి కాయ కాసిందే అంటే వినదు. జన్మలో ఫిడేలు పట్టని మనిషికి ఏం తెలుస్తుంది? నువ్వు చెప్పు. కాయ కాదన్నావా, రేపే పోతాను.”

ఫిడేలు వాయించేవాళ్ళకి అక్కడ చర్మం మొద్దుబారడం మామూలే. ఫ్లోరా వేలితో నొక్కి చూసింది. ఇది చర్మం మీద లేదు, లోపల ఉంది. గులకరాయిలా గట్టిగా ఉంది. కదపబోతే కదల్లేదు.

“నొప్పా?”

“అబ్బే! రెండు నెలలైంది. నొప్పీ లేదు, తగ్గడమూ లేదు.”

ఫ్లోరా వేలు వెనక్కి తీసుకుంది. ఇన్నేళ్ళూ దేవుణ్ణి అడిగింది ఇదే. ఒక్క అబద్ధం చాలు. తీరా చూస్తే, దానితో కూడా పని పడలేదు. మెల్లగా మఫ్లరు విప్పింది.

“ఇదిగో, నాదీ చూడు.”

హెక్టర్ వంగి తడిమాడు. “అరె, అచ్చం నాలాంటిదే!”

“అచ్చం నీలాంటిదే. ఏడాది నుంచీ ఉంది.”

“ఏడాదా! ఇంక నాకేం భయం?” ఆమె చెయ్యి పట్టుకుని ఊపేశాడు. “మంచిదానివి ఫ్లోరా. నీ స్థానంలో నేనుంటే లేనిపోనివి చెప్పి హడలగొట్టేవాణ్ణి.”

ఆమె పళ్ళెంలోంచే ఒక ఓట్ బిస్కెట్టు తీసుకుని, భార్యకి చెప్పడానికి ఈల వేసుకుంటూ వెళ్ళాడు. ఆ ఈల కూడా ఆమె బాణీయే.

ఫ్లోరా మఫ్లరు మళ్ళీ చుట్టుకుని, చల్లారిన టీ తాగింది. చాలా రోజుల తర్వాత నోటికి రుచి తెలిసింది.

ఆమెది కాయ కాదనీ, క్యాన్సరనీ, ఏడాది కిందటే వచ్చి ఉంటే బతికించేవాళ్ళమనీ హాలిఫాక్స్ పెద్దాసుపత్రిలో డాక్టరు ఫ్లోరాతో చెప్పింది మొన్న శుక్రవారమే.