వసారాలో నెగ్గిన ప్రాసెసర్

వసారాకు కట్టిన వట్టివేళ్ల తడికెల మీద నీళ్లు చల్లుతూనే శివనాగమ్మ రెండు ల్యాప్‌టాప్‌లనూ ఓ కంట కనిపెడుతోంది. మాఘంలోనే వడగాలి కొడుతోంది. డ్రోన్లు పంపిన ఫొటోల్లో తెగులు పట్టిన మిరప మొక్కల్ని ల్యాప్‌టాప్‌తో వెతకడం ఇప్పుడు రెంటచింతలలో ఇంటింటి పని. పొద్దుగూకేలోగా తేల్చకపోతే తెగులు చేనంతా పాకుతుంది.

మరిది వీరాంజి గుంటూరు నుంచి రెండూ తెచ్చాడు. చూడ్డానికి ఒకేలా ఉన్నాయి, లోపలి ప్రాసెసర్లే ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఒకటి ఉంచుకుని, రెండోది ఈరోజే తిరిగివ్వాలి.

"పెద్ద ప్రాసెసర్‌దే ఉంచుదాం వదినా. కొట్లో గుర్రంలా పరిగెత్తింది."

"కొట్లో ఏసీ ఉందయ్యా. ఇది మన వసారాలో గదా పరిగెత్తాల్సింది!"

రెండింటికీ ఒకే చేను అప్పజెప్పింది. మొదట పెద్దదే ముందుంది. ఎండ ముదిరేకొద్దీ దాని ఫ్యాను గోలపెట్టింది, ఒళ్లు కాలిపోయింది, నడక మందగించింది. చిన్నది మాత్రం పట్టిన వేగం వదలకుండా చేను చివరిదాకా చూసేసింది.

"నీ పెద్దదాని మీద అట్లు పోసుకోవచ్చురా వీరాంజీ," అంది అత్త చెన్నమ్మ.

శివనాగమ్మ నవ్వలేదు. చిన్నదాన్ని దగ్గరికి లాక్కుని, మందు కొట్టే డ్రోనును చేలోకి పంపింది. తర్వాత, చేతులు కాలకుండా మరిదికి మడతపెట్టిన తువ్వాలు అందించింది.

అతను పెద్దదాన్ని అందులో చుట్టి చంకన పెట్టుకుని వసారా దిగాడు.