రెండు చుక్కల పరీక్ష

"ఒకటే కనిపిస్తోంది," అన్నాడు గడియారాలు బాగుచేసే పెద్దాయన, టెలిస్కోపు నుంచి కన్ను తీయకుండానే.

"సరిగ్గా చూడండి. రోడ్డవతల గోడకి కాగితం, దాని మీద రెండు చుక్కలు. అవి విడివిడిగా కనిపించాయా, ఆకాశంలో ఎంత దగ్గరి జంట నక్షత్రాలైనా మీకు దొరికినట్టే," అన్నాడు దుకాణదారు.

"ఒకటే."

పక్కనున్న బావమరిది నవ్వాడు. "మొదట్నించీ మొత్తుకుంటున్నా బావా. పాడైంది నీ పాత గొట్టం కాదు, నీ కళ్లు."

పెద్దాయన పందొమ్మిదేళ్లుగా ఒకే జంట నక్షత్రాల మధ్య ఎడాన్ని కొలిచి నోటుబుక్కులో రాస్తున్నాడు. ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే ఆ నక్షత్రాలు ఈ ఏడాది బాగా దగ్గరికొచ్చి, పాత టెలిస్కోపులో కలిసిపోయాయి. కొత్తదాంట్లో విడిపోతే కొనాలి, లేదంటే ఇక డాబా ఎక్కకూడదు. భార్యకి ఇచ్చిన మాట అది.

దుకాణదారు ఇంకా లావుది బిగించాడు. "అద్దం ఎంత వెడల్పుంటే అంత బాగా విడిపోతాయి. దీంట్లో గుడ్డివాడికైనా..." నాలుక కరుచుకున్నాడు.

"ఒకటే."

"రెండని చెప్పెయ్యి బావా, నీ సొమ్మేం పోయింది? అక్కకి నేను చెప్పుకుంటాలే."

"కనిపించనిది ఎలా చెప్పనురా? ఇన్నేళ్లలో ఒక్క అంకె ఊహించి రాయలేదు."

చివరికి దుకాణంలోకెల్లా పెద్దది తెచ్చారు. పెద్దాయన కన్ను తుడుచుకుని మళ్లీ వంగాడు. చాలాసేపు చూశాడు.

"చుక్క గుండ్రంగా, సూదితో పొడిచినట్టుంది. కానీ ఒకటే. బాబ్బాబు, ఒక్కసారి మీరు చూడండి."

"నేను చూసేదేముందండీ? పొద్దున నా చేత్తో నేనే అంటించా."

పెద్దాయన సంచిలోంచి నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టాడు. "చూపున్న వాళ్లెవరైనా వస్తే ఇచ్చెయ్యండి. మిగతాది వాళ్లు రాసుకుంటారు."

ఈసారి బావమరిది నవ్వలేదు. వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"మెట్లు కనిపిస్తున్నాయిలేరా," అన్నాడు పెద్దాయన. చెయ్యి మాత్రం విడిపించుకోలేదు.

సాయంత్రం దుకాణదారు రోడ్డు దాటి వెళ్లి కాగితం పీకాడు. పొద్దున హడావుడిలో, గొట్టాల గురి సరిచూసుకునే ఇంకో కాగితం చేతికొచ్చినట్టుంది.

దాని మీద ఉన్నది ఒకటే చుక్క.