పాత వేగం

భూమి మళ్ళీ సూర్యుణ్ణి వదిలి వెళ్ళిపోయింది.

తోర్లైవ్ కళ్ళజోడు తీసి ముక్కు నులుముకున్నాడు. కంప్యూటరు తెర మీద భూమి దారి గుండ్రంగానే మొదలైంది. చుట్టు చుట్టుకీ వెడల్పయింది. చివరికి తెర అంచు దాటి పోయింది. మూడు వారాలుగా ఇదే తంతు.

"ఇది నీకు ఎన్నో భూమి?" పక్క కుర్చీలోంచి సున్నివా అడిగింది. ఒళ్ళో సగం అల్లిన మేజోడు. సూదులు ఆగలేదు.

"లెక్కపెట్టడం మానేశాను."

సున్నివాకి ఇరవై ఒకటి. భౌతికశాస్త్రం లెక్కల్ని కంప్యూటరు చేత చేయించడం చేతకానివాళ్ళకి మధ్యాహ్నాలు ఆ పిల్ల నేర్పుతుంది. నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయం విద్యార్థులతో నిండిన ఆ గదిలో తల నెరిసినవాడు తోర్లైవ్ ఒక్కడే. అయినా అక్కడ చిన్నా పెద్దా తేడా లేదు. ఎవరినైనా పేరుపెట్టి, నువ్వు అనే పిలుస్తారు.

అతని కోటు జేబులో భౌతికశాస్త్ర శాఖ నుంచి వచ్చిన ఉత్తరం ఉంది. శుక్రవారంలోగా ఈ భూమిని సూర్యుడి చుట్టూ పద్ధతిగా తిప్పి చూపించాలి. లేకపోతే సోమవారం మొదలయ్యే గతిశాస్త్రం క్లాసులో అతని చోటు ఇంకొకరికి పోతుంది. ఆ క్లాసు లేని సోమవారం ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి కూడా అతనికి ఓపిక లేదు.

"కాగితం మీదయితే పది నిమిషాల్లో చేసేస్తాను," అన్నాడు.

"కాగితం మీద అది మాత్రం ఎక్కడికి పోతుందిలే, పాపం." సున్నివా నవ్వింది. "సోమవారం నేనూ ఆ క్లాసుకే. పోయిన వసంతంలో తప్పాను కదా. జవాబు సరిగ్గానే వచ్చింది. కంప్యూటరుతో చేశానని, పెన్సిల్‌తో చెయ్యలేదని సున్నా."

"తెలుసు," అన్నాడు తోర్లైవ్. కిటికీ అద్దం మీద వాన జారుతోంది. కాసేపు అటే చూశాడు.

"నాకు పెన్సిల్ పడదు, నీకు కీబోర్డు పడదు. మంచి జోడీ మనది. ఏదీ, నువ్వు రాసింది చూపించు."

ఆమె ముందుకు వంగింది. మొదటిసారి సూదులు ఆగాయి.

"ఇదిగో. భూమిని ముందు జరిపి, ఆ తర్వాత వేగం మారుస్తున్నావు. అంటే ప్రతి అడుగూ పాత వేగంతోనే వేస్తోంది. పారిపోక ఏం చేస్తుంది?"

"రెండూ ఒకేసారి మారతాయి కదా?"

"నీ కాగితం మీద మారతాయి. దీనికి ఒకేసారి అన్న మాట తెలీదు. ఒకటి అయ్యాకే ఇంకోటి. ముందు వేగం మార్చు. ఆ కొత్త వేగంతో జరుపు."

"అంతేనా?"

"అంతే. రెండు వరుసలు తారుమారు చెయ్యి."

రెండు వేళ్ళతో పొడుస్తూ మార్చాడు. దానికే నాలుగు నిమిషాలు పట్టింది. మీట నొక్కాడు.

భూమి బయల్దేరింది. చుట్టూ తిరిగి, బయల్దేరిన చోటికే వచ్చింది. ఇంకోసారి తిరిగింది. ఇంకోసారి.

తోర్లైవ్ బిగపట్టిన భుజాలు వదులయ్యాయి. సున్నివా కాగితం పొట్లం విప్పి, తన రొట్టెలో సగం తుంచి అతని ముందు పెట్టింది.

"తిను. ముఖం చూస్తే సూర్యుడి చుట్టూ నువ్వే నడిచి తిరిగొచ్చినట్టున్నావు."

శుక్రవారం శాఖాధిపతి తెర వైపు ఒక నిమిషం చూసి, సరే అంది.

సోమవారం ఎనిమిదింబావుకి గతిశాస్త్రం క్లాసులో సున్నివా మొదటి వరుసలో కూర్చుని మేజోడు బయటికి తీసింది. తోర్లైవ్ నల్లబల్ల దగ్గరికి వెళ్ళి, పోయిన వసంతంలో తను ఆమెకి సున్నా వేసిన లెక్కనే సుద్దముక్కతో రాసి, "ఈసారి దీన్ని ఎలా చేసినా ఒప్పుకుంటాను," అన్నాడు.