మూల కుర్చీలో అమ్మమ్మ

“పన్నెండు రోజులైందమ్మా! ఇగ ఆ కుర్చీ ఖాళీ చెయ్యాలె,” అంది కల్పలత. యాప్రాల్‌లోని ఆ ప్లేస్కూల్‌కి ఆమే హెడ్ టీచర్.

“ఈ ఒక్కరోజూ ఉండనివ్వండి. నేను కనపడకపోతే వీడు గుక్కపట్టేస్తాడండీ,” అంది సీతారత్నం. ఆమె కొంగు మూడేళ్ల ఇవాన్ పిడికిట్లో ఉంది.

“ఇయ్యాల గిన ఒక్కడే ఉండకపోతే, అడ్మిషన్ వచ్చే ఏడాదికే.”

“అమ్మో! అలాగైతే వీళ్లమ్మ నర్సు ఉద్యోగం మానుకోవాలండీ!”

“మరి మీరు గిట్ల ముద్దలు పెడుతుంటే వాడెప్పుడు నేర్చుకుంటడు?”

“ఇంట్లో మలయాళం, బళ్లో హిందీ, నాతో తెలుగు. బిక్కచచ్చిపోయాడండీ పసివాడు.”

“పంజాబీ పిల్లలున్నరు, ఒడియా పిల్లలున్నరు. వాళ్లు సుత గట్లనే వచ్చిండ్రు.”

అక్కడ నియమం ఒకటే. కొత్త పిల్లల కోసం మూల కుర్చీలో కూర్చున్న పెద్దవాళ్లు చెప్పకుండా జారుకోకూడదు. పిల్లలే పంపాలి.

భోజనం గంట కొట్టారు. ఇవాన్ డబ్బాలో బియ్యప్పిండితో ఆవిరిమీద ఉడికించిన పుట్టు, అరటిపండు. వాడు నోరు తెరిచి ఆమె వంక చూశాడు. సీతారత్నం రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. వాడి పెదవి వణికింది.

“జెర ఓపిక పట్టుండ్రి,” కల్పలత గుసగుసగా అంది.

పక్కన దేవిశ్రీ తన డబ్బా మూతతో కుస్తీ పడుతోంది. ఇవాన్ కాసేపు చూశాడు. కొంగు వదిలేసి, రెండు చేతులతో ఆ మూత లాగాడు. ఠప్పున వచ్చింది.

“నువ్వు తిను!” అంది దేవిశ్రీ, పెద్ద ఆరిందాలా.

ఇవాన్ తిన్నాడు. సగం నోట్లోకి, సగం చొక్కా మీదికి.

చేతులు కడుక్కున్నాక సీతారత్నం చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పెట్టాడు.

“అమ్మమ్మా, వెళ్లు. సాయంత్రం రా.”

గేటు దగ్గర ఆమె కళ్లు తుడుచుకుంటుంటే వాచ్‌మన్ రాజేందర్ కంగారుపడ్డాడు.

“ఏందమ్మా పరేషాన్? పోరడు మంచిగనే ఆడుతున్నడు గద!”

“అందుకేనయ్యా.”

“మీ పిల్లగాడు సుత గిట్లనే సతాయించిండా?”

“అంత అదృష్టమా!” నవ్వేసింది సీతారత్నం.

ఇవాన్ పక్కింటివాళ్ల పిల్లాడు. ఆమె సొంత మనవడు తొలిరోజే టాటా చెప్పి పక్క గదిలోకి పరుగెత్తాడు.