అరువు పంపు

హిందూపురం టాక్సీ స్టాండు దాటీ దాటకముందే రంగప్ప కారు రెండుసార్లు దగ్గి నడిరోడ్డులో ఆగిపోయింది. తాళం తిప్పాడు. ఊహూ. మళ్ళీ తిప్పాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"థూ, నీ బతుకు చెడ! ఈ పొద్దే దొరికిందా నీకు?" అంటూ స్టీరింగు మీద ఒక్కటిచ్చాడు.

పల్లెలో ఇంటికాడ తొలిచూలు ఆవు కోడి కూసినప్పటి నుంచి ఈనలేక తన్నుకులాడుతోంది. దూడ కాలు ఒకటే బయటికొచ్చి ఆగిపోయింది. దగ్గరుండే పశువుల డాక్టరు ధర్మవరం క్యాంపుకు పోయినాడు. ఇక దిక్కల్లా పెనుకొండ ఆస్పత్రి డాక్టరమ్మ మాధవీలతే. ఫోన్ చేస్తే అక్కడి కాంపౌండరు చెన్నప్ప ఎత్తి, "మేడం తొమ్మిదికంతా వస్తాది సార్. బండి తెచ్చి పిల్చుకపోండి" అన్నాడు. రెండేండ్లుగా వాన లేక చేలన్నీ ఎండిపోయిన ఇంట్లో మిగిలిన ఆశ ఆ ఆవొక్కటే. పైగా పెండ్లాం నీలావతి దాన్ని కన్నబిడ్డ మాదిరి సాకింది.

నలుగురి కాళ్ళావేళ్ళా పడి, కారు నెట్టించుకుని మెకానిక్ ఓబుళప్ప షెడ్డుకు చేర్చాడు. ఓబుళప్ప కారు కింద దూరి, చెవి పెట్టి విని, బయటికొచ్చి పెదవి విరిచాడు.

"పెట్రోలు పంపు పాయన్నా."

"మార్చు మరి!"

"యాడుండాది మార్చేకి? ముప్పై ఏండ్ల జర్మనీ బండి. బెంగుళూరులోనే దొరకదు."

"అంబాసిడర్‌ది ఏదన్నా తగిలించబ్బా!"

"అది కార్బొరేటర్ బండి గదన్నా. ఇది ఇంజెక్షన్‌ది. పెట్రోలు గట్టిగా తన్నాల. అంబాసిడర్ పంపు దీనికి యాడ చాలుతాది?"

స్టాండులో చూద్దామంటే పెళ్ళిళ్ళ రోజు, ఒక్క టాక్సీ లేదు. బస్సెక్కితే తాను పోతాడు సరే, మందుల పెట్టెతో డాక్టరమ్మను పల్లెకెట్లా తెచ్చేది? రంగప్పకు ఏమీ తోచలేదు. పక్కనున్న బూత్‌లోంచి ఇంటికి ఫోన్ చేశాడు.

"యాడుండావప్పా?" నీలావతి ఏడుస్తోంది. "ఆవు పడిపాయ. లేసేకి కాల్యా దానికి. నా మొగమే చూస్తాండాది."

"వస్తాండా. డాక్టరమ్మను తెస్తాండా" అన్నాడు. అబద్ధం చెప్తున్నానని తనకే తెలుసు. ఫోన్ పెట్టేసి వచ్చి, షెడ్డులో పాత టైరు మీద కూలబడి తలపట్టుకున్నాడు. యాభై ఏండ్ల మనిషికి కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి.

ఓబుళప్ప మనసు నీరైపోయింది. మూలనున్న తెల్ల మారుతి వైపు చూశాడు, బుర్ర గోక్కున్నాడు.

"అన్నా, ఒక దావ ఉండాది. ఆ మారుతి కొత్త మోడలు. అదీ ఇంజెక్షన్ బండే. దాని పంపు తీసి నీకేస్తా. నువ్వు తిరిగొచ్చినాక మళ్ళీ దానికేస్తా."

"ఎవురిదది?"

"ఎవురో కొత్తోళ్ళన్నా. నిన్న సాయంత్రం ఒకాయప్ప వచ్చి, ఆయిల్ మార్చు, ఎనిమిదికి వస్తామని చెప్పిపాయ."

"అట్లయితే ఆ కారే ఇయ్యబ్బా! చిటికెలో తెచ్చిస్తా."

"అయ్యో దేవుడా! కారు కనపడకుంటే నా తోలు తీస్తారు. పంపంటావా, లోపలుండేది, ఎవురికి కనపడతాది? స్టార్ట్ కాలేదంటే వైరింగ్ చూస్తాండా సార్ అని ఏదో ఒకటి చెప్పి మధ్యాన్నం దాకా కూచోబెడతా. మాకిదేం కొత్తా?"

ఇంకో రోజైతే రంగప్ప వాణ్ణి చెడామడా తిట్టేవాడు. పరాయివాళ్ళ చేలో పచ్చికాయ కూడా తుంచిన మనిషి కాదు. ఆ పొద్దు మాత్రం గోడ గడియారం వైపు చూసి, "తీయబ్బా" అన్నాడు.

గంటకు పైనే పట్టింది. ఓబుళప్ప మారుతి ట్యాంకు దించి పంపు ఊడదీస్తుంటే, రబ్బరు పైపులు కోసి క్లిప్పులు బిగిస్తుంటే, రంగప్ప చేతులు నలుపుకుంటూ చూడ్డం తప్ప చేసిందేమీ లేదు. ఎనిమిది కావస్తుంటే తాళం తిప్పాడు. వెనక పంపు సన్నగా మూలిగింది. ఇంజను అందుకుంది! రంగప్ప స్టీరింగుకు దండం పెట్టుకున్నాడు.

"నిదానం అన్నా, పైపులు జాగర్త!" అని ఓబుళప్ప అరిచేలోపే కారు రోడ్డెక్కింది.

కారు నిజంగానే కొత్తదాని మాదిరి పరుగుతీసింది. సోమందేపల్లి దాటేసరికి ప్రాణం కొంచెం కుదుటపడింది. అప్పుడు గుర్తొచ్చాడు ఆ మారుతి ఆసామి. ఈపాటికి షెడ్డుకొచ్చి ఓబుళప్ప మీద కేకలేస్తుంటాడు. పాపం, ఏం పని మీద పోవాల్నో ఏమో! తప్పే. తప్పని తెలుసు. అయినా ఒక పూట ఓర్చుకుంటే ఆయప్పకు పోయేదేముంది, ఇక్కడ నోరులేని జీవం ప్రాణం పోతాంటే? అట్లా తనకు తానే సర్దిచెప్పుకుని యాక్సిలరేటరు తొక్కాడు.

పెనుకొండ పశువుల ఆస్పత్రి ముందు బ్రేకేసి, తలుపు కూడా వెయ్యకుండా లోపలికి ఉరికాడు. చెన్నప్ప అప్పుడే ఫోన్ పెట్టేసి లేస్తున్నాడు. డాక్టరు కుర్చీ ఖాళీగా ఉంది.

"మేడం యాడ?"

"ఇంకా రాలేదు సార్."

"తొమ్మిదికంతా వస్తాదంటివే! తొమ్మిది దాటిపాయ! ఇల్లు యాడుండాదో చెప్పు, బయట కారుండాది, నేనే పోయి పిల్చుకొస్తా!"

"మేడం ఉండేది హిందూపురంలో సార్. ఇప్పుడే ఫోన్ చేసింది. వాళ్ళాయన నిన్న మారుతి కారును ఆయిల్ మార్చేకని ఇచ్చింటే, పొద్దున చూస్తే స్టార్టే కాలేదంట. ఓబుళప్ప షెడ్డు కాడ కూచోనుండాది."