వంటింటి సరిహద్దు

"కాలు వెనక్కి తియ్యి," అంది అత్తగారు గరిటె చూపిస్తూ.

కోడలు కిందికి చూసుకుంది. బొటనవేలు గడప మీది ఎర్రగీత దాటింది. "వేలే కదా అత్తయ్యా! మంచినీళ్ళ కోసం."

"వేలైనా చొరబాటే. ఇవాళ మీ రాష్ట్ర అవతరణ దినోత్సవం. నీకు సెలవు. పోయి సోఫాలో పడుకో, నీళ్ళు నేను ఎగుమతి చేస్తా."

కోడలు కాపురానికొచ్చిన కొత్తలోనే చెప్పింది ఆవిడ, రెండు రాష్ట్రాల సరిహద్దు ఈ గడప మీదుగానే పోతుందని. హాలు ఈ రాష్ట్రం, కోడలిది. వంటిల్లు పక్క రాష్ట్రం, అత్తగారిది. ఎవరి రాష్ట్రం పుట్టినరోజున వాళ్ళు పుల్ల తీసి పక్కన పెట్టకూడదు. చాకిరీ అంతా రెండోవాళ్ళది. అత్తగారి సెలవు చలికాలంలో వస్తుంది. ఆ ఒక్కరోజు ఆవిడ కుర్చీలో దర్జాగా కూర్చుని, "కాఫీలో పంచదార తక్కువైంది, మా ప్రభుత్వానికి ఫిర్యాదు చేస్తా" అని బెదిరిస్తుంది. మిగతా రోజుల్లో ఆవిడ నడుం వాల్చగా చూసినవాళ్ళు లేరు.

గేటు చప్పుడైంది. పక్కింటి గోడ కొలవడానికొచ్చిన సర్వేయర్.

"మీ పెరట్లోంచి కూడా ఒకసారి చూడాలండీ," అంటూ హాల్లోకొచ్చి, గీత దగ్గర ఆగిపోయాడు. "ఇదేంటి?"

"రాష్ట్రాల సరిహద్దు," అంది కోడలు.

ఆయన చేతిలోని మిషన్‌కేసి చూశాడు. గీతకేసి చూశాడు. "మేడమ్, ఇది..."

కోడలు గబగబా ఆయన్ని వరండాలోకి పిలిచింది. "సార్, ప్లీజ్. మీ మిషన్ ఏం చూపించినా సరే, గీత అక్కడే అనండి. అది పోతే మా అత్తయ్య ఏడాదిలో ఒక్కపూట కూడా కూర్చోదు. నేను చెప్తే వింటేగా!"

ఆయన తలూపి వంటింట్లోంచి పెరట్లోకి వెళ్ళాడు. కొలత అయ్యి తిరిగొస్తుంటే అత్తగారు కాఫీ గ్లాసుతో అడ్డం నిలబడింది.

"బాబూ, లెక్కలో తేడా ఏమైనా ఉంటే నా చెవిలో చెప్పు. మా కోడలి ముందు అనకు." గొంతు తగ్గించింది. "ఆఫీసులో ఎక్కడో కంప్యూటర్‌కి జలుబు చేసినా నిద్రలేచి కూర్చునేది మా పిల్లే. సెలవొస్తే చీపురు పట్టుకుంటుంది. ఈ గీతకి తప్ప దేనికీ ఆగదు."

ఆయన కాఫీ తాగాడు. గడప దగ్గర గొంతుక్కూర్చుని, మిషన్ అటు తిప్పి ఇటు తిప్పి, నుదురు చిట్లించాడు.

"తేడా ఉందండీ."

గీతకి అటు నుంచి అత్తగారూ ఇటు నుంచి కోడలూ ఒకేసారి ముందుకు వంగారు.

"ఈ మూల పెయింట్ పోయింది. సరిహద్దన్నాక సరిగ్గా కనపడొద్దూ?" సంచిలోంచి ఎర్ర రంగు తీసి శ్రద్ధగా దిద్దాడు.

"విన్నావుగా, గవర్నమెంటే చెప్పింది!" అంది అత్తగారు.

"విన్నా, విన్నా," అంటూ కోడలు సోఫాలో కాళ్ళు బారజాపుకుంది.

సర్వేయర్ నవ్వుకుంటూ బండి స్టార్ట్ చేశాడు.

అసలు సరిహద్దు అక్కడికి రెండొందల కిలోమీటర్లు.