గడియ వేసిన తలుపు

బెన్నీ చేలోంచి పురుగుమందు డబ్బాతో వచ్చి, ఇంట్లోకెళ్లి గడియ వేసుకోవడం ఎదురింటి అరుగు మీంచి చూశాను. అతని మిరపచేనంతా తామరపురుగు తినేసింది. ఇక మందు కొట్టడానికేమీ మిగల్లేదు. అరుగు దిగి పరుగెత్తాను.

“ఒరేయ్ బెన్నీ, తలుపు తియ్యరా! నీ ప్రాణం నీ సొత్తు కాదురా, రక్తమిచ్చి కొన్నవాడున్నాడు!” బైబిలు చంకలో ఇరికించుకుని రెండు చేతులా తలుపు బాదాను.

తలుపు తెరుచుకోలేదు.

ఆదివారం చర్చి మైకులో గర్జించే నా గొంతులోంచి “ప్రభువా, ప్రభువా” తప్ప ఇంకో మాట రాలేదు. భుజంతో తలుపు గుద్దబోతుంటే గడియ తీసిన చప్పుడైంది.

బెన్నీ మోకాళ్ల నిండా మట్టి. చేతిలో డబ్బా. మూత తీయలేదు.

“ఏంది బ్రదరూ ఈ గోల? ప్రార్థనకి గదిలోకెళ్లి తలుపేసుకోమని మొన్న చెప్పింది మీరేగా!”

“మరి ఆ డబ్బా ఎందుకురా?”

“తాగుదామనే లోపలికెళ్లా. గడియ వేస్తుంటే ఆ మాట గుర్తొచ్చింది.” డబ్బా నా చేతిలో పెట్టాడు. “బతికి ఏం చెయ్యాలో దేవుణ్ణి అడుగుతున్నా, సగంలో మీరొచ్చారు. రండి, లోపలికొచ్చి తలుపెయ్యండి.”